తిరిగివ్వని ట్రేలు

"ప్లగ్గు పీకేస్తారు కదా వదినా," అంది రామలక్ష్మి.

అన్నాక నాలిక కరుచుకుంది గానీ, అప్పటికే మాట గదిలో పడిపోయింది.

శ్రీదుర్గ లాప్‌టాప్ మీంచి తలెత్తింది. నిన్న పొద్దుటి నుంచీ ఆ తెర మీద సముద్రం నీలంగా, ఖాళీగా ఉంది. వాయుగుండం పడుతోంది, వేట ఆపి వెనక్కి వచ్చేయండని పంపిన మెసేజి అందుకుని ఉప్పాడ బోట్లన్నీ తీరం పక్కన చుక్కలు చుక్కలుగా చేరిపోయాయి. ఆమె భర్త సురేష్‌బాబు బోటు ఒక్కటే రాలేదు. దారిలో ఉందనుకోవడానికీ లేదు. తెర మీద దాని చుక్కే లేదు.

"ఏ ప్లగ్గు?"

రామలక్ష్మి జవాబు చెప్పకుండా నూకరత్నం వైపు చూసింది. రామలక్ష్మి మొగుడు త్రిమూర్తులు అదే బోటు మీద కళాసీ. బోటు నూకరత్నానిది. సురేష్‌బాబు ఆమె ఒక్కగానొక్క కొడుకు. ఈ మాట ఎవరి ముందు అనకూడదో ఆ ఇద్దరి ముందే అన్నానని రామలక్ష్మికి తెలిసిపోయింది.

"పైన కొయ్యకి గొడుగులా ఉంటది కదా వదినా. దాన్నించి కిందికొచ్చే తీగ. బాక్సులో గుచ్చుతారు కదా, అది." టీ గ్లాసు కింద పెట్టింది. "బోటు ఎక్కడుందో అందరి ఫోన్లలోనూ కనబడతదంట కదా. మనోళ్లు వలేసిన చోటికి అందరూ వచ్చి పడతారని..."

"ఎవరు పీకమన్నారు?"

రామలక్ష్మి గ్లాసు అంచు తుడుస్తూ కూచుంది.

"నేనే అన్నాను," అంది నూకరత్నం.

ఆమె మూల కూచుని ఎండు చేపల గోనెలు కుడుతోంది. ఆ మాట అంటున్నప్పుడు కూడా దబ్బనం ఆగలేదు. రేవులో వేలం పాడినప్పుడు ఎంత నిబ్బరంగా ధర చెబుతుందో అంత నిబ్బరంగా చెప్పింది.

"మీరా అత్తయ్యగారూ?"

"నేనే. చేప ఉన్న చోటు దాచుకోక ఏం చేయమంటావు? నీ బాక్సు ఊరందరికీ దారి చూపెడుతుంటే, వల వేసేది మేమూ, నింపుకునేది వాళ్లూనా?"

"నా బాక్సు ఉన్నది దారి చూపించడానికి కాదండి. ఆయన క్షేమంగా రావడానికి."

"క్షేమంగా వస్తే చాలా? ఖాళీగా వస్తే ఇంటికి ఏం తెచ్చినట్టు?"

"ఇప్పుడు నిండుగా వస్తున్నారా?"

దబ్బనం ఆగింది.

బయట అల రాళ్లగట్టును కొట్టిన శబ్దం ఇంట్లోకి వచ్చింది. ఈ ఇంటికి ఒకప్పుడు ముందు గది ఉండేది. దాన్ని సముద్రం తీసుకుపోయాక వంటిల్లే ముందు గది అయ్యింది. అలలు పొయ్యి ఎదురుగానే లేస్తాయి.

"పీకి ఎంతసేపు ఉంచుతారు రామలక్ష్మీ? వల లాగేదాకానా?"

"రేవు దాటగానే పీకుతారు. తిరిగొచ్చేటప్పుడు పెడతారు."

"వెళ్లిన దగ్గర్నుంచీ వచ్చేదాకానా?"

"ఎప్పుడూ మర్నాటికే వచ్చేసేవాళ్లు కదా. ఈసారే దూరం పోయారు."

శ్రీదుర్గ తెర వైపు తిరిగింది. కోపం రావలసిన చోట వేరే ఏదో వస్తోంది. కాకినాడలో ఆమె పనిచేసే చిన్న కంపెనీయే బోట్లకి ఆ బాక్సులు చేస్తుంది. బాక్సు లేవగానే పైన గొడుగులో ఉన్న రేడియోని పలకరించి పనిలోకి దింపే ప్రోగ్రాముని డ్రైవరు అంటారు. ఆ డ్రైవరు రాసింది ఆమే.

"నాతో ఒక్కసారి కూడా అనలేదు ఆయన," అంది.

"అంటే ఊరుకుంటావా? మొక్క నాటినట్టు వాణ్ణి ఒకచోట నాటేసి నీళ్లు పోసుకుందామని చూస్తావు. కడియం పిల్లవి."

మామూలు రోజుల్లో అయితే ఈ మాటకి శ్రీదుర్గ జవాబు ఇచ్చేది. కడియంలో పుట్టింటివాళ్లది నర్సరీ. అత్తాకోడళ్ల మధ్య చేపలూ మొక్కలూ రోజూ నడిచే బేరమే. ఈవేళ ఆమె బేరమాడలేదు.

"మీరు పీకమన్నారని కాదండి," అంది. "ప్లగ్గు పీకినా ఏం కాకూడదు. మళ్లీ పెట్టగానే రేడియో పలకాలి. అలాగే రాశాననుకున్నాను."

లాప్‌టాప్ తీసుకుని లోపలికి వెళ్లింది.

*

తప్పు దొరకడానికి ఎక్కువసేపు పట్టలేదు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. ఎక్కడో లోతుగా దాక్కుని ఉంటే కొంత ఓదార్పు ఉండేది. అది పైనే ఉంది. ఇన్నాళ్లూ ఆమె కళ్లు దాని మీంచే వెళ్లాయి.

నూకరత్నం కంచంలో అన్నం పెట్టుకుని వచ్చింది.

"తిను."

"వద్దండి."

"నువ్వు తినకపోతే వాడొస్తాడా?"

"తింటే వస్తారా?"

నూకరత్నం కంచం మంచం మీద పెట్టి పక్కనే కూచుంది. కోడలు ఏడవడం లేదు. ఏడిస్తే ఏం చేయాలో నూకరత్నానికి తెలుసు. ఇలా తెర వైపు చూస్తూ ఉండిపోతే ఏం చేయాలో తెలియడం లేదు.

"దొరికిందా?"

"దొరికిందండి."

"నాకు అర్థమయ్యేలా చెప్పు."

శ్రీదుర్గ కాసేపు ఆలోచించింది. "బోటు వస్తోందంటే మీరు ఐసు ఫ్యాక్టరీ నుంచి ట్రేలు తెచ్చుకుంటారు కదండీ."

"తెచ్చుకుంటాం."

"తెచ్చాక బోటు రాలేదు. అప్పుడు?"

"తిరిగిచ్చేస్తాం. ఇవ్వకపోతే మర్నాడు వాడెలా ఇస్తాడు?"

"నేను ఇవ్వలేదు."

నూకరత్నం చూసింది.

"రేడియో లేవడానికి ముందు నా ప్రోగ్రాము బాక్సు దగ్గర కాస్త మెమరీ తీసుకుంటుంది. వచ్చే మాటకి ఒక ట్రే, పోయే మాటకి ఒక ట్రే అనుకోండి. తీసుకుని రేడియోని పిలుస్తుంది. ప్లగ్గు పీకేసి ఉంది కదా, రేడియో పలకదు. అప్పుడు తీసుకున్నవి తిరిగిచ్చేసి వెనక్కి రావాలి. ఇవ్వకుండా వచ్చేస్తోంది. కాసేపాగి మళ్లీ వెళ్తుంది. మళ్లీ కొత్త ట్రేలు."

"పాతవి ఎక్కడ పెట్టావో తెలియదా?"

"గుర్తు పెట్టుకోమని నేను రాయలేదండి."

"అట్లా ఎన్నిసార్లు?"

"ప్లగ్గు పీకి ఉన్నంతసేపూ."

నూకరత్నం చీర కొంగుతో మెడ తుడుచుకుంది. "చివరికి ఫ్యాక్టరీలో ట్రేల్లేవు."

"లేవు. ఇప్పుడు ఆయన ప్లగ్గు పెట్టినా పని మొదలుపెట్టడానికి ఒక్క ట్రే లేదు. ఆఫీసులో పరీక్ష పెట్టినప్పుడు మేం ఎప్పుడూ ప్లగ్గు పీకి చూడలేదు. ఎవరు పీకుతారు అనుకున్నాం."

"బాక్సు పూర్తిగా పాడైతే తనే లేస్తుందని మొన్న చుట్టాలందరి ముందు గొప్పగా చెప్పావు."

"చచ్చిపోతే లేస్తుందండి. ఇది చావలేదు. మంచాన పడి ఊపిరి తీస్తోంది. ఊపిరి తీస్తున్నంతసేపూ బాగానే ఉందనుకుంటుంది."

అన్నం మీద పోసిన చేపల పులుసు చల్లారి తెట్టు కట్టింది.

"నేను పీకమనకపోతే ఇది జరిగేది కాదు," అంది నూకరత్నం కాసేపటికి.

"కాదండి."

"నువ్వు తిరిగిచ్చేలా రాసి ఉంటే, నేను పీకమన్నా జరిగేది కాదు."

"కాదండి."

రెండు తప్పులూ కలిస్తేనే ఈ నష్టం. నూకరత్నం జీవితమంతా వాటాల మీద వ్యాపారం చేసిన మనిషి. నష్టం ఇద్దరు పంచుకుంటే ఎవరి సగం వాళ్లకి వస్తుందని ఆమెకు తెలుసు. ఈ నష్టం అలా చీలడం లేదు. ఇద్దరికీ మొత్తమే వచ్చింది.

"ఇప్పుడు వాడు అక్కడ ఏం చేస్తే బాక్సు లేస్తుంది?"

"మూత తీసి లోపల బ్యాటరీ తీగ ఊడదీసి మళ్లీ పెడితే చాలు. ట్రేలన్నీ ఫ్యాక్టరీకి వచ్చేస్తాయి. కొత్తగా మొదలవుతుంది."

"వాడికి తెలుసా అది?"

"ఇంట్లో నేను చేస్తుంటే చూశారు." శ్రీదుర్గ గొంతు తగ్గింది. "కానీ తియ్యరు."

"ఎందుకు?"

"పెళ్లయ్యాక అన్నవరం వెళ్లాం కదండీ వ్రతానికి. కొండ దిగుతుంటే ఒట్టు వేయించుకున్నాను. ప్రసాదం ఆకు చేతిలోనే ఉంది ఆయనకి. నీ బాక్సు మూత మాత్రం ఎప్పుడూ ముట్టుకోను అన్నారు. ఉప్పు గాలి తగిలితే లోపలంతా పోతుందని నేనే భయపెట్టాను."

నూకరత్నం కంచాన్ని ఇంకాస్త కోడలి వైపు జరిపింది.

"సిగరెట్టు మానేస్తానని నాకు ఒట్టు వేశాడు," అంది. "మా అన్న కొడుకు చినబాబుతో గొడవ పడనని వేశాడు. నీ దగ్గర ఏదీ దాచనని నీకూ వేసే ఉంటాడు."

"వేశారండి."

"అన్నీ తప్పాడు. ఇదొక్కటీ నిలబెట్టుకుంటాడంటావా?"

"ప్రసాదం చేతిలో ఉందండి," అంది శ్రీదుర్గ.

*

మధ్యాహ్నం దాటాక చినబాబు వచ్చాడు. వానలో తడిసి, చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. నూకరత్నం అన్న కొడుకు అతను. రేవులో సురేష్‌బాబుకి బావ, సముద్రం మీద పోటీ.

"మెరైన్ పోలీసు ఆఫీసు దగ్గర్నుంచే వస్తున్నానత్తా."

"ఏమన్నారు?"

"వెతుకుతాం, ఎక్కడ వెతకమంటారు అంటున్నారు. చివరిసారి కనబడిన చోటు చెప్పండి అన్నారు. రేవు దాటాక కనబడనే లేదు కదా అంటే, మరి సముద్రమంతా జల్లెడ పట్టాలా అన్నారు. గాలి తగ్గితే తప్ప ఏదీ బయల్దేరదంట."

"చేతి వైర్‌లెస్ సెట్టు?"

"పిలుస్తూనే ఉన్నా. అందే దూరంలో లేరు. ఫోను సంగతి నీకు తెలిసిందే."

"లోపలికి రా, తడుస్తున్నావు."

అతను రాలేదు. లోపల లాప్‌టాప్ ముందున్న శ్రీదుర్గను చూసి, "చెల్లెమ్మా, నీ బాక్సుదేం తప్పు లేదులే," అన్నాడు. "తీగ పీకుతాడు మా బావ. ఊరందరికీ తెలుసు."

"నీకెట్లా తెలుసు?" అంది నూకరత్నం.

"నేనూ పీకుతాను కాబట్టి. నీ ఒక్కదానికే వచ్చిందనుకున్నావా ఆ ఆలోచన? రేవులో సగం మంది పీకుతారు. మేం వల లాగేదాకా పీకి మళ్లీ పెట్టేస్తాం. మీవోడికే మరీ భయం, వెళ్లిన దగ్గర్నుంచీ వచ్చేదాకా పీకే ఉంచుతాడు. అంత దాచేదేముంది అక్కడ అని మేం నవ్వుకుంటాం."

శ్రీదుర్గ లేచి వచ్చింది. "అన్నయ్యా, సగం మంది పీకుతారా?"

"సగం పైనే."

ఆమె గుమ్మం పట్టుకుని నిలబడింది. అంటే వాళ్లందరి బాక్సుల్లోనూ కొన్ని ట్రేలు పోయే ఉన్నాయి. కొన్ని సగానికి వచ్చి ఉంటాయి. కొన్ని చివరికి వచ్చి ఉంటాయి. ఈ గాలి తగ్గాక అవన్నీ మళ్లీ సముద్రంలోకి వెళ్తాయి.

నూకరత్నం మాత్రం చినబాబు వైపే చూస్తోంది. ఆమె మనసులో వేరే తూకం నడుస్తోంది. ఒక పళ్లెంలో వేసేదేమిటో ఆమెకు తెలుసు. ఇంకో పళ్లెంలో ఏముందో కూడా తెలుసు. తూచడానికి ఏమీ లేదు. అయినా ఆమె చేతికి అలవాటు, తూచకుండా ఇవ్వలేదు.

"చినబాబూ, ఓడ గొయ్యి అని విన్నావా?"

"మావయ్య పోయేముందు నీ చెవిలో చెప్పాడంటారు. అబద్ధం అనుకున్నా."

"ఉంది. ఎప్పటిదో ఓడ మునిగింది అక్కడ. చేపలు దాని చుట్టూ ఇల్లు కట్టుకున్నాయి. లైట్‌హౌస్ కనబడకుండా పోయాక నీళ్లు పచ్చ నుంచి నలుపుకి తిరిగే చోట ఎడం చేతికి మళ్లాలి. బరువు తాడు వేస్తే ఓడకి తగిలి ఒక్కసారిగా లోతు తగ్గుతుంది. అక్కడే ఉంటాడు వాడు. వెళ్లి ఆఫీసువాళ్లకి చెప్పు."

చినబాబు చెప్పులు కింద పెట్టాడు. ఆ ఒక్క మాట కోసం రేవులో ఎంతమంది ఎన్నాళ్లు తిరిగారో, ఆయన బతికుండగా ఎన్ని బోట్లు వెనకపడి వెళ్లి ఖాళీగా వచ్చాయో అతనికి తెలుసు.

"ఇది విన్నాక రేపు అక్కడ వలెయ్యనని నేను ఒట్టెయ్యలేనత్తా."

"ఒట్లతో నాకు పని లేదిప్పుడు. నీ ఇష్టమొచ్చినన్ని వలలేసుకో. ముందు వాణ్ణి తీసుకురా."

"బోట్లు కదలనివ్వట్లేదు. తాళ్ల దగ్గర కాపలా పెట్టారు." అతను తల దించుకున్నాడు. "కాపలా లేకపోయినా, ఈ గాల్లో నేను అంత దూరం పోలేను. నీకు అబద్ధం చెప్పలేను."

నూకరత్నం తలాడించింది. ఉన్నదాంట్లో అన్నిటికన్నా విలువైన సరుకు తెచ్చి రేవులో పెట్టింది. కొనేవాడు ఎదురుగానే ఉన్నాడు. బండి లేదు.

చినబాబు వానలోకి వెళ్లిపోయాడు. చెప్పులు గుమ్మంలోనే మరిచిపోయాడు.

*

సుకుమార్ ఫోనులో నెమ్మదిగా మాట్లాడతాడు. కంపెనీలో శ్రీదుర్గకు పై అధికారి. ఆ నెమ్మది వల్లే ఆమెకు అతనంటే చిరాకు.

"కోడు చూశానండి దుర్గ గారూ. మీరు చెప్పింది కరెక్టే. ప్రతి మెట్టు దగ్గరా విఫలమైతే అప్పటిదాకా తీసుకున్నవి వెనక్కి ఇచ్చేలా మార్చారు. బావుంది."

"అయితే పంపించేయండి. అన్ని బాక్సులకీ."

"ఇక్కడ టేబుల్ మీద ఒక బాక్సు పెట్టి ప్లగ్గు పీకి చూస్తానండి. సాయంత్రానికి చెబుతాను."

"సాయంత్రం దాకానా?"

"కంగారులో రాసిన కోడండి ఇది."

"కంగారు పడకుండా రాసిన కోడు ఏం చేసిందో చూశారు కదా."

శ్రీదుర్గ కళ్లు మూసుకుంది. అనకూడని మాట కాదు. అనాల్సిన మనిషి అతను కాదు.

"సరే, క్యూలో పెడతాను," అన్నాడు సుకుమార్. "ఏ బాక్సు కనెక్ట్ అయితే దానికి వెళ్తుంది. మామూలుగా మెసేజి ముందు, అప్‌డేట్ తర్వాత. అలాగే ఉంచనా?"

శ్రీదుర్గ ఆలోచించింది. సురేష్‌బాబు బాక్సు ఎలాగో లేచిందనుకుందాం. ఎంతసేపు ఉంటుంది? ఉప్పెక్కిన ప్లగ్గు సరిగా కూచోకపోతే పాత ప్రోగ్రాము మళ్లీ ట్రేలు మింగడం మొదలుపెడుతుంది. వెనక్కి రమ్మని ఒక్క మాట అందితే సరిపోదు. గాలి తగ్గేదాకా ఆ చుక్క తెర మీద నిలబడి ఉండాలి.

"అప్‌డేట్ ముందు పెట్టండి. మెసేజి తర్వాత."

"అప్‌డేట్ తీసుకున్నాక బాక్సు ఒకసారి ఆగి లేస్తుందండి."

"తెలుసు. నేనే రాశాను."

ఫోను పెట్టేశాక చూస్తే గుమ్మంలో నూకరత్నం ఉంది.

"ఏది ముందు పంపమన్నావు?"

"మందు ముందండి. మాట తర్వాత."

"నేనైతే మాట ముందు పంపేదాన్ని," అంది నూకరత్నం. కాసేపాగి, "నాకేం తెలుసులే. నువ్వు లెక్క చూసుకునే చెప్పుంటావు," అంది.

*

చుక్కను మొదట చూసింది రామలక్ష్మి.

మిగిలిన ఇద్దరూ తెర వంక చూడడం మానేశారు. నూకరత్నం దీపం వెలిగిస్తోంది. శ్రీదుర్గ గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని ఉంది. తెర మీద ఏముందో సగం కూడా అర్థంకాని రామలక్ష్మి మాత్రం చినబాబు వెళ్లిన దగ్గర్నుంచీ దాని ముందు నుంచి కదల్లేదు. త్రిమూర్తులు అందులోంచే నడుచుకుంటూ వస్తాడన్నట్టు చూస్తోంది.

"వదినా, ఇదేంటి? ఇందాక లేదు ఇది."

శ్రీదుర్గ లేచిన విసురుకి గోనెల మీద పెట్టిన గ్లాసు దొర్లింది.

నీలం మధ్యలో ఒక చుక్క. పక్కన బోటు నంబరు. దాని కింద చిన్న గుర్తు.

"మూత," అంది శ్రీదుర్గ. "మూత తెరిచి ఉందని చూపిస్తోంది. తీశారు అత్తయ్యగారూ. మూత తీశారు."

అగ్గిపుల్ల నూకరత్నం చేతిలోనే ఆరిపోయింది.

"ఒట్టు తప్పాడా?"

"తప్పారండి."

"నా కొడుకే," అంది నూకరత్నం. ఇంకో పుల్ల గీసింది.

రామలక్ష్మి అప్పటికే వీధిలో ఉంది. "కనబడ్డారంట, మావోళ్లు కనబడ్డారంట" అని పక్కింటి గోడ దగ్గర ఆమె అరుస్తున్న మాటలు వానలోంచి వస్తున్నాయి. తలుపులు తెరుచుకుంటున్న చప్పుడు. ఎవరో చినబాబుని కేకేస్తున్నారు.

నూకరత్నం తెర దగ్గరికి వంగింది. "ఓడ గొయ్యి ఇక్కడ ఉంటుంది," అని వేలు పెట్టింది. చుక్క ఆ వేలికి చాలా దిగువన ఉంది. "వాడు ఇక్కడికెందుకు పోయాడు? ఇంటికొచ్చే దారి కాదిది."

శ్రీదుర్గ అప్పటికే ఫోను అందుకుంది.

"ఇంజను ఆగిపోయిందా?"

"తెలియదండి. ఈ చోటు చినబాబు అన్నయ్యకి పంపిస్తున్నాను."

"గాలి తగ్గి వాళ్లు బయల్దేరేసరికి ఈ చోటులో ఉంటాడా?"

అందుకే ఆ చుక్క నిలబడాలి.

"వెనక్కి రమ్మని మాట వెళ్లిందా?"

"ఇంకా లేదండి. ముందు అప్‌డేట్ వెళ్తోంది." చుక్క కింద సన్నటి పట్టీ నెమ్మదిగా నిండుతోంది. దాని పక్కన బ్యాటరీ గుర్తు ఎర్రగా ఉంది. బాక్సు నడిచేది సోలారు మీద, రెండు రోజులుగా ఎండ లేదు మరి. "నిండాక ఒకసారి ఆగి లేస్తుంది. లేవగానే మాట వెళ్తుంది."

అప్పుడు ఫోను మోగింది.

"దుర్గ గారూ." సుకుమార్ గొంతులో నెమ్మది లేదు. "అప్‌డేట్ ఎవరికైనా వెళ్లిందా? నేను క్యూ ఆపేశాను. ఇక్కడ టేబుల్ మీద బాక్సు పడిపోయింది."

"ఎలా?"

"ప్లగ్గు పీకి లేపాను. రేడియో పలకలేదు. మీ కొత్త కోడు అన్నీ వెనక్కి ఇచ్చేసింది. కానీ వచ్చే మాట కోసం తీసుకున్నది, కింద ఉన్న ఫంక్షను ముందే ఇచ్చేస్తోంది. మీరు పైన మళ్లీ ఇస్తున్నారు. ఒకే దాన్ని రెండుసార్లు. అక్కడే పడిపోతోంది. లేచి, మళ్లీ అక్కడే పడిపోతోంది."

శ్రీదుర్గకు ఆ లైను కళ్ల ముందు కనిపించింది. పొద్దున కంచం పక్కన పెట్టుకుని రాసిన లైను. ఈసారి ఒక్కటి కూడా వదలకూడదనుకుని రాసిన లైను.

"రేడియో పలికితే?"

"మొదటి పిలుపుకే పలికితే ఏం కాదండి. అసలు ఆ దారిలోకే వెళ్లదు. ఒక్కసారి పలక్కపోతే మాత్రం..." అతను ఆగాడు. "ఎవరికి వెళ్లింది?"

తెర మీద పట్టీ చివరికొచ్చింది. మధ్యలో ఆపితే బాక్సులో సగం పాతదీ సగం కొత్తదీ మిగులుతుంది. అది అసలు లేవదు. శ్రీదుర్గ చెయ్యి మీటల మీదికి వెళ్లి, వాటిని తాకకుండా గాల్లోనే ఉండిపోయింది.

పట్టీ నిండింది. చుక్క మాయమైంది.

"ఏమైంది?" అంది నూకరత్నం.

"ఆగిందండి. లేవాలి."

"ఫోనులో అతనేమన్నాడు?"

శ్రీదుర్గ ఫోను ఒళ్లో పెట్టుకుంది. అందులోంచి సుకుమార్ పిలుస్తూనే ఉన్నాడు. "ఇచ్చేసిన ట్రేనే మళ్లీ ఇచ్చానండి. ఈలోపు దాన్ని ఇంకొకరు తీసుకుని ఉంటారు. వాళ్ల సరుకు నేలమీద పోసేసి లాక్కున్నట్టు. రేడియో ఒక్కసారి పలక్కపోతే చాలు, బాక్సు పడిపోతుంది."

నూకరత్నానికి అంతకంటే చెప్పక్కర్లేదు.

"అయితే మొదటి పిలుపుకే పలకాలి."

"పలకాలండి."

"ప్లగ్గు గట్టిగా గుచ్చి ఉండాలి."

"ఉండాలి. బ్యాటరీ రేడియోని లేపేంత మిగిలి ఉండాలి. తెరిచిన మూతలోంచి వాన పడకుండా ఉండాలి."

నూకరత్నం చేతుల మీదుగా ఎన్నో బేరాలు పోయాయి. సరుకు చేతుల్లోంచి వెళ్లిపోయాక, ధర ఇంకా రాకముందు, మనిషి చేయగలిగింది ఏమీ ఉండని కాసింత సేపు ప్రతి బేరంలోనూ ఉంటుంది. అది ఎప్పుడూ ఇంత పొడుగ్గా లేదు.

వాకిట్లో జనం చేరుతున్నారు. రామలక్ష్మి నవ్వుతూ, ఏడుస్తూ అందరికీ చెబుతోంది. మూత తీశాడంట, మా వదిన మందు పంపిందంట, ఇంక భయం లేదంట. ఎవరో ఆడమనిషి, "కడియం పిల్లయినా మన పిల్ల అనిపించుకుంది" అంది. చినబాబు గొంతు దగ్గరవుతోంది. "అత్తా, చుక్క ఏదీ, నన్ను చూడనీ" అంటూ వస్తున్నాడు.

శ్రీదుర్గ ఖాళీ నీలం మీంచి కళ్లెత్తి అత్తగారిని చూసింది.

నూకరత్నం లేచి వెళ్లి, చినబాబు మెట్టెక్కేలోపే తలుపు మూసి గడియ పెట్టింది. వెనక్కి వచ్చి కోడలి పక్కన, భుజానికి భుజం ఆనేంత దగ్గరగా కూచుంది.

బయట తలుపు తడుతున్నారు.